రంగు పట్టుకుంటేనే విద్యుత్తు: మొక్కల వర్ణకాలతో సౌర ఘటాలు

థాయిలాండ్ పరిశోధకులు 2007లో ఒక చిన్న పోలికను ప్రచురించారు. ఒక సౌర ఘటానికి ఎర్ర గోంగూర పూల రంగును, మరొకదానికి నీలి శంఖపుష్పం రంగును పట్టించి, రెండింటి సామర్థ్యాన్నీ కొలిచారు. గోంగూర రంగు పట్టిన ఘటం తన మీద పడిన కాంతి శక్తిలో 0.37 శాతాన్ని విద్యుత్తుగా మార్చింది. శంఖపుష్పం ఘటం 0.05 శాతం దగ్గరే ఆగిపోయింది. రెండు రంగులనూ కలిపి వేస్తే 0.15 శాతం వచ్చింది. శంఖపుష్పం నీలం చూపుకు ఏమంత పలచనిది కాదు. పైగా రెండు పూలలోనూ ఉన్నది ఆంథోసయనిన్ అనే ఒకే కుటుంబానికి చెందిన వర్ణకం. అయినా ఏడు రెట్ల తేడా వచ్చింది.

‘పండ్ల రసంతో చవక కరెంటు’ అన్న వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. నేరేడు పండు, బీట్‌రూట్, మందారం, పాలకూర, గోరింటాకు, ఇలా రంగున్న ప్రతి ఆకునూ పువ్వునూ ఎవరో ఒకరు ప్రయోగశాలకు తీసుకెళ్లారు. మన దేశంలోనే రూర్కీ ఐఐటీ పరిశోధకులు 2017లో నేరేడు పండు రంగుతో ఘటాలు చేసి చూపారు. ఈ వార్తలు అబద్ధం కాదు. కానీ రంగు చిక్కగా ఉంటే కరెంటు కూడా ఎక్కువగా వస్తుందన్న భావన వాటిని చదివిన వారి మనసులో మిగిలిపోతుంది. గోంగూరకూ శంఖపుష్పానికీ మధ్య ఉన్న తేడా ఆ భావన తప్పని చెబుతోంది. ఎందుకు తప్పో తెలియాలంటే ముందు ఘటం లోపల జరిగే పని చూడాలి.

మన ఇళ్ల కప్పుల మీద కనిపించే సిలికాన్ ప్యానెల్‌లో కాంతిని పీల్చేదీ, ఎలక్ట్రాన్లను మోసేదీ ఒకే పదార్థం. రంగుతో పనిచేసే ఘటంలో ఈ రెండు పనులూ రెండు పదార్థాల మధ్య పంచబడి ఉంటాయి. ఎలక్ట్రాన్లను మోసేది టైటానియం డయాక్సైడ్, అంటే తెల్ల పెయింటుకు తెలుపునిచ్చే పొడి. అది తెల్లగా ఉండడానికి కారణం కంటికి కనిపించే కాంతిని దాదాపు ఏమీ పీల్చకపోవడమే. అతినీలలోహిత కిరణాలను మాత్రమే అది పీల్చుకోగలదు, అవి నేల మీదికి చేరే సూర్యకాంతి శక్తిలో ఐదు శాతానికి మించవు. అందువల్ల మిగిలిన కాంతిని అందుకునే పనిని దాని ఒంటికి అంటిపెట్టుకున్న రంగు అణువుకు అప్పగిస్తారు. కాంతి తగలగానే రంగు అణువులోని ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎక్కి, అక్కడి నుంచి టైటానియం డయాక్సైడ్‌లోకి దూకుతుంది. ఆపైన విద్యుత్ ప్రవహించే గాజు పూత ద్వారా తీగలోకి వెళ్లి, బల్బు దగ్గరో మీటరు దగ్గరో పని చేసి, అవతలి గాజుకు చేరుతుంది. రెండు గాజుల నడుమ ఉన్న అయోడిన్ ద్రావణం దాన్ని అందుకుని, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న రంగు అణువుకు తిరిగి ఇస్తుంది. రంగు అణువు మళ్లీ మొదటి స్థితికి వస్తుంది. ఈ చక్రంలో ఏదీ ఖర్చు కాకూడదు. ఆ ‘కాకూడదు’ దగ్గరే అసలు కష్టాలన్నీ ఉన్నాయి, వాటి సంగతి తరువాత చూద్దాం.

ఈ ఆలోచన కొత్తది కాదు. బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్ 1873లోనే ఫొటో పలకలకు రంగులు కలిపి, అంతవరకూ నీలి కాంతికే స్పందించే వెండి లవణాలు ఆకుపచ్చ కాంతికి కూడా స్పందించేలా చేశాడు. 1887లో జేమ్స్ మోజర్ అదే కిటుకుతో విద్యుత్తును గమనించాడు. 1970ల తొలినాళ్లలో హెల్ముట్ ట్రిబుచ్ జింక్ ఆక్సైడ్ స్ఫటికానికి క్లోరోఫిల్ పట్టించి విద్యుత్ ప్రవాహాన్ని కొలిచాడు. కానీ ఈ ప్రయత్నాలన్నింటికీ ఒకే అడ్డంకి ఎదురైంది. నున్నటి స్ఫటికం మీద రంగు అణువులు ఒక్క వరుసలోనే అంటుకుంటాయి, ఆ ఒక్క వరుస తన మీద పడిన కాంతిలో ఒక శాతాన్ని కూడా పీల్చలేదు. పోనీ రంగును మందంగా పూద్దామంటే, స్ఫటికాన్ని తాకని పై వరుసల్లోని ఎలక్ట్రాన్లకు దారి ఉండదు.

ఈ చిక్కును విప్పింది స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో పనిచేసిన బ్రయన్ ఓరీగన్, మైకేల్ గ్రెట్జెల్. వారు 1991లో నున్నటి స్ఫటికాన్ని పక్కనపెట్టి, మిల్లీమీటరులో యాభై వేలవ వంతు పరిమాణం గల టైటానియం డయాక్సైడ్ రేణువులను ఇసుకలా పేర్చి, కాల్చి, స్పంజు వంటి పొరను తయారుచేశారు. ఆ పొర మందం ఒక మిల్లీమీటరులో వందో వంతే అయినా, దాని లోపలి ఉపరితలం బయటికి కనిపించే వైశాల్యం కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ. ప్రతి రేణువు మీదా రంగు ఒక్క వరుసలోనే అంటుతుంది, కానీ ఆ వరుసలన్నీ కలిసి కాంతిని దాదాపుగా తాగేస్తాయి. వారి ఘటం 7 శాతం దాటింది. అందులో వాడిన రంగు రుథేనియం అనే అరుదైన లోహంతో కూడినది. ఆ దారిలో 1993లో 10 శాతాన్ని అందుకున్న ప్రసిద్ధ రుథేనియం రంగు మీద వచ్చిన పరిశోధనా పత్రంలో మొదటి పేరు మొహమ్మద్ ఖాజా నజీరుద్దీన్‌ది. ఆయన హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి లొజాన్ వెళ్లిన శాస్త్రవేత్త. ఈ రంగంలో మన ఊరి పేరు ఇంత మొదట్లోనే ఉందని తెలుగు పాఠకులు తెలుసుకోవాలని నా కోరిక.

ఇక గోంగూర దగ్గరికి వద్దాం. గోంగూర పేరుతో మనం వండుకునే మొక్కల్లో ఒకటి, పూత రాలాక కాయ చుట్టూ ఎర్రటి కండగల రేకులు మిగిలే జాతి. ఆ రేకులను గోరువెచ్చని నీళ్లలో నానబెడితే చిక్కటి ఎర్రటి ద్రావణం వస్తుంది. తెల్లటి టైటానియం డయాక్సైడ్ పొర ఉన్న గాజు ముక్కను అందులో వేస్తే, కొన్ని నిమిషాల్లోనే అంచుల నుంచి రంగు ఎక్కడం మొదలవుతుంది. ఇక్కడ కళ్లు పెట్టి చూడవలసిన విషయం ఒకటుంది. ద్రావణం ఎర్రగా ఉన్నా, పొర మాత్రం ఎరుపుగా కాక ఊదా రంగులోకి తిరుగుతుంది. గాజును తీసి నీళ్లతో కడిగినా ఆ ఊదా పోదు. పొర కేవలం రసంలో తడిసి ఊరుకోలేదనీ, రంగు అణువుకూ టైటానియం పరమాణువుకూ మధ్య రసాయన బంధం ఏర్పడిందనీ ఈ రంగు మార్పే చెబుతుంది. గోంగూర ఆంథోసయనిన్‌లో ఒక వలయం మీద రెండు హైడ్రాక్సిల్ సమూహాలు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఇరుగుపొరుగుగా ఉంటాయి. పటకారు రెండు కొనల్లా అవి టైటానియాన్ని పట్టుకుంటాయి. బంధం గట్టిపడితే ఎలక్ట్రాన్ దూకవలసిన దూరం తగ్గుతుంది, దారి తెరుచుకుంటుంది.

శంఖపుష్పంలోని వర్ణకాలను టెర్నాటిన్లు అంటారు. వాటిలో సరిగ్గా ఆ పటకారు ఉండవలసిన చోట, రెండు వైపులా పొడవాటి చక్కెర గొలుసులు తగులుకుని ఉంటాయి. పువ్వుకు ఇది మేలే, నీలం చెక్కుచెదరకుండా ఉండడానికి ఆ గొలుసులే కాపు. కానీ ఘటానికి అదే శాపం. పట్టుకోవలసిన చేతులు రెండూ మూటలతో నిండి ఉన్నాయి. అణువు టైటానియం డయాక్సైడ్ దగ్గరికి వస్తుంది, ఆనుకుంటుంది, కానీ గోంగూర వర్ణకంలా పట్టు చిక్కించుకోలేదు. కాంతిని పీల్చినా ఆ శక్తి ఎక్కువగా వేడిగా మారిపోతుంది. రెండు రంగులను కలిపినప్పుడు ఫలితం మెరుగుపడకుండా 0.15 దగ్గర నిలిచింది కాబట్టి, ఎక్కువ రంగులు కలిపితే ఎక్కువ కాంతి అందుతుందన్న లెక్క కూడా ఇక్కడ నెరవేరలేదు.

మన అద్దకం పనివారికి ఈ సంగతి తరతరాలుగా తెలుసు. శ్రీకాళహస్తిలోనూ, మచిలీపట్నం దగ్గరి పెడనలోనూ కలంకారీ చేసేవారు బట్టను నేరుగా రంగులో ముంచరు. ముందు కరక్కాయ నీటిలో నానబెడతారు, ఎరుపు రావలసిన చోట పటిక ద్రావణం పెడతారు, ఆ తరువాతే రంగు నీళ్లలో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతా చోట ఉతుకులో పోతుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. అందులోని అలిజారిన్ అనే అణువు, తన మీద పక్కపక్కనే ఉన్న ఆక్సిజన్లతో పటికలోని అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. గోంగూర వర్ణకం టైటానియాన్ని పట్టుకునేదీ ఇదే తీరులో. బట్ట మీద రంగు నిలిచే రసాయనమూ, ఘటంలో కరెంటు పుట్టే రసాయనమూ ఈ మెట్టు దాకా ఒక్కటే. ఈ సామ్యం ఏదో పోలిక కోసం చెబుతున్నది కాదు. ఎలక్ట్రాన్ ఎంత వేగంగా దూకగలదో కొలవడానికి లేజర్ శాస్త్రజ్ఞులు ఎంచుకున్న నమూనా అణువుల్లో అలిజారిన్ ముఖ్యమైనది. 2002లో ప్రచురితమైన కొలత ప్రకారం అలిజారిన్ నుంచి టైటానియం డయాక్సైడ్‌లోకి ఎలక్ట్రాన్ దూకడానికి పట్టే కాలం 6 ఫెమ్టోసెకన్లు. సెకనును వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకను. కలంకారీ ఎరుపుకు ఉన్నంత వేగం ఎన్నో ఖరీదైన కృత్రిమ రంగులకు లేదు.

మరి అలిజారిన్‌తో ప్యానెళ్లు ఎందుకు చేయడం లేదు? ఇక్కడే పట్టు తరువాతి మెట్టు మొదలవుతుంది. ఎలక్ట్రాన్ దూకడం ఎంత తేలికో, వెనక్కి రావడమూ అంత తేలిక కాగూడదు. అలిజారిన్‌లో కాంతి తగిలాక ఎలక్ట్రాన్ ఎక్కే మెట్టు, టైటానియం డయాక్సైడ్ గడపకు, అంటే ఎలక్ట్రాన్ దాని లోపలికి అడుగుపెట్టగల కనీస శక్తి స్థాయికి, దాదాపు సరిసమానమైన ఎత్తులో ఉంటుంది. వెళ్లిన ఎలక్ట్రాన్ లోపలికి పారిపోయేందుకు కావలసిన వాలు తక్కువ. అది గడప దగ్గరే తచ్చాడి, ఖాళీగా ఉన్న తన పాత చోటికి తిరిగి పడిపోయే అవకాశం ఎక్కువ. ఆంథోసయనిన్ల ఇబ్బంది మరో రకం. 1997లో బ్లాక్‌బెర్రీ పండ్ల ఆంథోసయనిన్‌తో చేసిన ఘటంలో ఎలక్ట్రాన్ 100 ఫెమ్టోసెకన్లలోపే దూకినట్టు తేలినా, సామర్థ్యం 0.56 శాతమే. కాంతిని పీల్చే పరిధి ఆకుపచ్చ చుట్టూ ఉన్న ఇరుకైన పట్టీకి పరిమితం కావడం ఒక కారణం. ఆమ్లం చేసే పని రెండో కారణం. ఆంథోసయనిన్ ఎర్రగా, చెక్కుచెదరకుండా ఉండాలంటే ద్రావణం పుల్లగా ఉండాలి. గోంగూర నీళ్లలో చిటికెడు వంట సోడా వేస్తే రంగు ఎలా విరిగిపోతుందో ఎవరైనా ఇంట్లో చూడవచ్చు. థాయిలాండ్ పరిశోధకులే రంగును 100 డిగ్రీలకు బదులు 50 డిగ్రీల వద్ద తీసి, బాగా ఆమ్లం చేసి, తమ 0.37 శాతాన్ని 0.70కి పెంచారు. అయితే ఆ ఆమ్లం టైటానియం డయాక్సైడ్ గడపను కిందికి దించుతుంది. ఎలక్ట్రాన్ దూకడం సులువవుతుంది కానీ ఘటం ఇచ్చే వోల్టేజీ పడిపోతుంది. మొక్కల రంగు ఘటాల్లో వోల్టేజీ సాధారణంగా 0.4 వోల్టుల చుట్టూ ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

ఇక క్లోరోఫిల్. సూర్యకాంతితో పనిచేయడానికే పుట్టిన వర్ణకం కదా, అదే అందరికంటే ముందుండాలి కదా అనిపిస్తుంది. మామూలు ఆకుల్లోని క్లోరోఫిల్‌కు ఒక పొడవాటి కొవ్వు తోక ఉంటుంది, ఆకు లోపలి పొరల్లో నిలదొక్కుకోవడానికి అది పనికివస్తుంది. ఘటంలో ఆ తోక అడ్డమే. పైగా టైటానియాన్ని పట్టుకోవడానికి కావలసిన కార్బాక్సిల్ సమూహం, అంటే రెండు ఆక్సిజన్లున్న ఆమ్లపు కొస, దానికి స్వేచ్ఛగా లేదు. పాలకూర రసంతో చేసిన ఘటాలు నీరసంగా ఉండడానికి కారణం ఇదే. దీనికి భిన్నంగా, జపాన్‌లో వంటకు వాడే వాకమే అనే సముద్రపు నాచులో క్లోరోఫిల్ సి అనే రకం ఉంటుంది. దానికి ఆ తోక లేదు, పైగా కాంతిని పీల్చే వలయానికి నేరుగా అతుక్కుని ఒక కార్బాక్సిల్ ఉంది. శుద్ధి చేసిన ఆ క్లోరోఫిల్‌తో 2007లో 4.6 శాతం సామర్థ్యం నమోదైంది, సహజ వర్ణకాల్లో ఇది చాలా ఎత్తైన అంకె. అదే ఏడాది వచ్చిన మరో ఫలితం ఇంకా ముచ్చటైనది. కుంకుమ పువ్వుకు పసుపు రంగునిచ్చే క్రోసిన్‌తో 0.16 శాతం వస్తే, దాని కొసల్లోని చక్కెరలను తీసివేయగా మిగిలే క్రోసెటిన్‌తో 0.56 శాతం వచ్చింది. రంగునిచ్చే భాగం రెండింటిలోనూ ఒక్కటే, చక్కెర పోయి కార్బాక్సిల్ బయటపడడంతోనే మూడున్నర రెట్లు పెరిగింది. బీట్‌రూట్‌లోని బెటానిన్‌కు పుట్టుకతోనే కార్బాక్సిల్ సమూహాలు ఉన్నాయి, దానితో 2011లో 2.7 శాతం దాకా వెళ్లారు. బచ్చలి పండ్లు, ఎర్ర తోటకూర, కాగితంపూల రంగులు కూడా ఈ బీటాలైన్ల కుటుంబానివే. ఆంథోసయనిన్ ఉన్న మొక్కలో బీటాలైన్ ఉండదు, బీటాలైన్ ఉన్నదానిలో ఆంథోసయనిన్ ఉండదు. మొక్కల లోకపు ఈ విచిత్రమైన నియమం ఎందుకొచ్చిందన్నది వేరే వ్యాసం.

సామర్థ్యం అంకెలు ఎంత పెరిగినా, మన్నిక గురించి మాట్లాడకపోతే విషయం సగమే చెప్పినట్టు. బట్ట మీద పడిన పసుపు మరక ఉతికినా పోదు కానీ, రెండు రోజులు ఎండలో ఆరేస్తే మాయమవుతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు. పసుపులోని రంగు అణువు కుర్కుమిన్ కాంతికి విరిగిపోతుంది. ఎండలో నిలబడి ఇరవై ఏళ్లు పనిచేయవలసిన ఘటంలోని రంగు అణువు ఎలక్ట్రాన్‌ను ఇచ్చి, తిరిగి పుచ్చుకునే చక్రాన్ని సుమారు పది కోట్ల సార్లు తిరగాలని లెక్క. ఒక్కసారి పొరపాటు జరిగి, ఎలక్ట్రాన్ తిరిగి అందేలోపు అణువు విరిగిపోతే ఆ అణువు పని ముగిసినట్టే. మరో చిక్కు టైటానియం డయాక్సైడ్ వల్లనే వస్తుంది. అతినీలలోహిత కిరణాలు తగిలితే అది చుట్టూ ఉన్న సేంద్రియ పదార్థాన్ని కాల్చివేస్తుంది. తనంతట తాను మురికి వదిలించుకునే కిటికీ అద్దాలకు పూత పూసేది ఈ గుణం వల్లనే. ఘటంలో ఆ మురికి స్థానంలో మన రంగు ఉంటుంది.

ఆకును చూసి ‘ప్రకృతి చేస్తున్నదే కదా, మనమూ చేయవచ్చు’ అనేవారు ఒక సంగతి మరచిపోతారు. ఆకులో కూడా కాంతి వల్ల నష్టం జరుగుతూనే ఉంటుంది. మండే ఎండలో కిరణజన్య సంయోగక్రియకు గుండెకాయ వంటి ఒక ప్రొటీన్‌ను మొక్క అరగంటకొకసారి విప్పి, కొత్తది కట్టుకుంటుంది. క్లోరోఫిల్ పక్కన కెరోటినాయిడ్లు అనే పసుపు, నారింజ వర్ణకాలు కాపలా ఉండి అదనపు శక్తిని వేడిగా వదిలేస్తాయి. ఆకు అంటే మరమ్మతు మనుషులతో సహా నడిచే కర్మాగారం. మనం అందులోంచి ఒక్క పనివాడిని లాక్కొచ్చి, గాజు పలకల మధ్య అయోడిన్‌లో నిలబెట్టి, జీవితాంతం ఒంటరిగా పనిచేయమంటున్నాం.

ధర మాట కూడా సూటిగా చెప్పాలి. మొక్కల రంగు చవక కనుక ఘటం చవకవుతుందనే వాదం తరచూ వినిపిస్తుంది. ఒక చదరపు మీటరు ఘటానికి కావలసిన రుథేనియం రంగు సుమారు ఒక గ్రాము, అందులో రుథేనియం లోహం గ్రాములో సుమారు పదో వంతే. ఖర్చులో పెద్ద వాటా విద్యుత్ ప్రవహించే పూత ఉన్న గాజుకూ, ద్రావణం కారకుండా అంచులు మూయడానికీ పోతుంది. రంగు ఉచితంగా దొరికినా ఆ గాజు ఉచితంగా రాదు. ఇక దిగుబడి. నడి మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. అర శాతం సామర్థ్యం అంటే ఐదు వాట్లు, మామూలు ఫోను చార్జరుకు రెండు చదరపు మీటర్ల గాజు కావాలి. ఒక్క చదరపు మీటరులోనే ఇవాళ బజారులో దొరికే సిలికాన్ ప్యానెల్ 200 వాట్లకు పైగా ఇస్తుంది. ఇంటి కప్పుల మీద గోంగూర ఘటాలు సిలికాన్‌ను తోసిరాజంటాయని ఎవరైనా చెబితే నమ్మవలసిన పని లేదు.

అయినా ఈ పరిశోధన వృథా అని నేను అనుకోను, కారణం దాని నుంచి వచ్చిన పాఠం అప్పుడే పనిలోకి వచ్చింది. 2014లో 13 శాతాన్ని అందుకున్న రంగు, క్లోరోఫిల్ వలయానికి దగ్గరి చుట్టమైన పోర్ఫిరిన్ మీద కట్టినది. ఒక కొసన ఎలక్ట్రాన్‌ను తోసే భాగాన్ని, రెండో కొసన టైటానియాన్ని పట్టుకునే కార్బాక్సిల్‌ను అమర్చారు. చట్రం మొక్కది, చేతులు రసాయనజ్ఞులవి. ఇటువంటి రంగు ఘటాలు ఇంటి లోపలి వెలుతురులో ఇంకా బాగా రాణిస్తున్నాయి. 2017లో 1000 లక్స్ వెలుతురులో, అంటే బాగా దీపాలున్న గదిలో, రెండు కృత్రిమ రంగులు కలిపిన ఘటం 28.9 శాతం సామర్థ్యం చూపింది. స్వీడన్‌కు చెందిన ఎక్సెజర్ సంస్థ ఈ జాతి ఘటాలను హెడ్‌ఫోన్ల పట్టీలో అమర్చి అమ్మకానికి తెచ్చింది. గది దీపాల కాంతి అంతా కంటికి కనిపించే పరిధిలోనే ఉంటుంది కనుక ఇరుకైన పట్టీలో పీల్చే మొక్కల రంగులకు అక్కడ నష్టం కొంత తక్కువ. అతినీలలోహితం దాదాపు ఉండదు కనుక మన్నికకూ కొంత ఊరట. వెలుతురు తక్కువైనప్పుడు ఎలక్ట్రాన్లు వెనక్కి పడిపోయే దోషం ఇంకా బాధిస్తుంది కాబట్టి, పని జరగవలసింది అక్కడే అని నా అభిప్రాయం.

మరో చోటు కళాశాల ప్రయోగశాల. పూత గాజు ముక్కలు రెండు, టైటానియం డయాక్సైడ్ ముద్ద, అంచులకు సెల్లో టేపు, పొరను 450 డిగ్రీల వద్ద అరగంట కాల్చడానికి కొలిమి, అవతలి గాజుకు కొవ్వొత్తి మసి, నడుమ ఒక చుక్క అయోడిన్ ద్రావణం, రెండు క్లిప్పులు, ఒక మల్టీమీటరు ఉంటే చాలు. విద్యార్థులు ఒక గాజును గోంగూరలో, ఇంకొకదాన్ని శంఖపుష్పంలో ముంచి, ఒకే కిటికీ దగ్గర పెట్టి కొలవవచ్చు. ఆ పని చేసేవారికి ఒక్క సూచన. మొదటి రోజు వచ్చిన అంకెను రాసుకుని ఊరుకోకుండా, రెండు ఘటాలనూ అక్కడే ఉంచి, రోజూ ఒకే వేళకు మీటరు చూసి, పక్కన పొర రంగును కూడా నమోదు చేయండి. ఊదా రంగు ఎన్నో రోజున గోధుమ రంగులోకి తిరిగిందో, ఆ రోజు మీటరు ఎంత చూపిందో ఒకే కాగితం మీద కనిపించాలి.